పాలు పడకపోవడం దోషం కాదు – కడుపు లెక్క మనమే రాసుకుందాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్యం, పోషణ అంశం మీద చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ మహాసభలో పొదుపు ఎంతయింది, అప్పు ఎంత ఇచ్చాం, రికవరీ ఎంత వచ్చింది అని మాట్లాడుకుంటాం. ఈసారి ఆరోగ్యం, పోషణ మీద మాట్లాడమని మా సంఘానికి అప్పజెప్పారు. మేము పాల గురించి మాట్లాడదామని అనుకున్నాం. పాలు ఎట్ల పిండాలో, ఎట్ల అమ్మాలో కాదు. అది మీకందరికీ మాకన్నా ఎక్కువే తెలుసు. పాలు తాగినంక కొందరికి కడుపు ఎందుకు ఉబ్బుతుంది, అది నిజంగా పాలవల్లనేనా అని ఎట్ల తేల్చుకోవాలి, తేలినంక ఏం చెయ్యాలి. ఈ మూడు సంగతులు చెప్తాం.

మేము డాక్టర్లం కాము. మా సంఘంలో పెద్ద చదువు అంటే పదో తరగతే. ఏఎన్ఎం అక్కను, ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నవి, పరిశోధనలు చేసినవాళ్ళు తేల్చి చెప్పినవి మనకు అర్థమయ్యే మాటల్లో చెప్తున్నాం.

ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నామంటే, మా ఊళ్ళో మూడు ముచ్చట్లు జరిగినయి.

మొదటిది అంగన్‌వాడీలో. ఆరోగ్య లక్ష్మి పథకం కింద 2015 నుంచి మన రాష్ట్రంలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. మా ఊళ్ళో ఒక చెల్లె ఆ పాల గ్లాసు తీసుకొని పక్కకు పోయి, ఎవరూ చూడకుండా పారబోస్తుంది. మేము చూసి అడిగితే ఏడ్చినంత పని చేసింది. "అక్కా, తాగితే గంటలోపే కడుపుల గుడగుడమంటది. ఇంట్ల చెప్తే, రెండు బర్రెలున్న ఇంటికొచ్చి పాలు పడవంటవా అని మా అత్త నవ్వుతది. ఇక్కడ చెప్తే పేరు తీసేస్తరేమో అని భయం" అన్నది.

రెండోది మా సంఘంలోనే ఒక అక్క సంగతి. రెండేళ్ళ నుంచి కడుపు ఉబ్బరం, గ్యాస్. సంఘం అప్పు తీసుకొని పట్నంలో ప్రైవేటు దవాఖానల చుట్టూ తిరిగింది. స్కానింగులు తీశారు, గోలీలు రాశారు, బలానికి టానిక్కులు ఇచ్చారు. 'నువ్వు రోజుకు ఎన్ని పాలు తాగుతావమ్మా, ఎప్పుడు తాగుతావు' అని ఆమెను ఒక్కరూ అడగలేదు. రోగం పోలేదు, కిస్తీలు మాత్రం మిగిలినయి.

మూడోది ఒక పసిబిడ్డ ముచ్చట. అది కొంచెం ఆగి చెప్తాం.

ఈ మూడింటిలో తప్పు పాలదీ కాదు, ఆ ఆడవాళ్ళదీ కాదు. తెలియకుండా తీర్పు చెప్పడంలోనే తప్పు ఉన్నది. సంఘంలో ఎవరి మీదైనా 'కిస్తీ కట్టలేదు' అని మాట వస్తే మనం ఏం చేస్తాం? పుస్తకం తీసి చూస్తాం. పుస్తకం చూడకుండా ఎవరినీ దోషి అనం. పాల విషయంలో కూడా అంతే ఉండాలని మా మాట.

ముందు కడుపులో ఏం జరుగుతుందో చూద్దాం.

పాలలో ఒక రకం చక్కెర ఉంటుంది. దాన్ని లాక్టోజ్ అంటారు. మనం పాలచక్కెర అందాం. బర్రె పాలైనా ఆవు పాలైనా నూరు మిల్లీలీటర్లలో ఇది సుమారు 5 గ్రాములు ఉంటుంది. అంటే అంగన్‌వాడీ గ్లాసులో 10 గ్రాములు. మనం తాగే ఒక కప్పు చాయ్‌లో పాలు తక్కువ కాబట్టి రెండు గ్రాముల దాకా ఉంటుంది.

ఈ పాలచక్కెరను మన ఒళ్ళు ఉన్నదున్నట్టు తీసుకోలేదు. జొన్నలు గిర్నీలో పడి పిండి అయితేనే కదా రొట్టె చేసుకుంటాం. అట్లనే చిన్నపేగు లోపలి పొరలో లాక్టేజ్ అనే ఒక పదార్థం ఉంటుంది. అదే పాలచక్కెరకు గిర్నీ. అది పాలచక్కెరను రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. అప్పుడే అవి రక్తంలోకి పోతయి.

పసిబిడ్డకు పుట్టినప్పుడు ఈ గిర్నీ బాగా నడుస్తుంది. ఎందుకంటే ఆ బిడ్డకు పాలు తప్ప వేరే తిండి లేదు. పాలు మాని అన్నం తినే వయసు వచ్చినంక, చాలామందిలో అది మెల్లమెల్లగా తగ్గుతుంది. తగ్గినవాళ్ళలో పాలచక్కెర విడిపోకుండానే పెద్దపేగులోకి పోతుంది. అక్కడ నీళ్ళను లాక్కుంటుంది, అందుకే విరేచనం పలచన అవుతుంది. అక్కడుండే కంటికి కనపడని క్రిములు దాన్ని పులియబెడతయి. దోసె పిండి రాత్రికి పొంగి మూత లేపుతుంది చూడండి, అట్లనే లోపల గ్యాస్ తయారవుతుంది. ఉబ్బరం, గుడగుడ, మెలిపెట్టినట్టు నొప్పి, అన్నీ దీనివల్లనే. తాగిన అరగంట నుంచి రెండు మూడు గంటల్లో ఎక్కువగా కనపడుతుంది.

ఇది అంటురోగం కాదు. పేగును పాడుచేసే జబ్బు కాదు. ఎవరి శాపమూ కాదు. ప్రపంచం మొత్తం మీద పెద్దవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి ఈ గిర్నీ తగ్గే ఉంటుంది. అంటే మనమే ఎక్కువమందిమి.

మన దేశంలో దీని మీద పరిశోధనలు పాతకాలం నుంచే ఉన్నాయి. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1972లోనే భారతీయుల్లో లాక్టేజ్ తక్కువ కావడం మీద వ్యాసం ప్రచురించారు. 1981లో అచ్చయిన ఇంకొక పరిశోధనలో ఢిల్లీ, తిరువనంతపురం, పుదుచ్చేరి కేంద్రాల్లో 200 మంది ఆరోగ్యవంతులకు పరీక్ష చేశారు. ఢిల్లీవాళ్ళలో నూటికి 27 మందికి పాలచక్కెర పడలేదు. దక్షిణాది రెండు కేంద్రాల్లో నూటికి 66 మందికి పడలేదు. అంటే మనవైపు ఇది ఎక్కువ.

ఎందుకు ఎక్కువ అనేది తర్వాత తెలిసింది. పెద్దయినా ఆ గిర్నీ ఆగకుండా నడిపే ఒక మార్పు కొందరి జన్యువుల్లో ఉంటుందని 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు కనిపెట్టారు. 2012లో ఇంగ్లండ్ వాళ్ళతో కలిసి మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న పరిశోధనలో అదే మార్పు మన దేశంలోనూ ఉన్నదని తేలింది. పంజాబ్, రాజస్థాన్ వైపు ఎక్కువ, దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ తక్కువ. తరతరాలుగా పశువులు మేపి పాల మీద బతికినవాళ్ళలో ఎక్కువ. మా చెల్లె అత్తమ్మ నవ్వింది కదా, ఆమెకు ఇదే చెప్పినం. ఇంట్లో బర్రెలు ఉన్నంత మాత్రాన కోడలి పేగు మారదు. అది ఆమె తల్లిదండ్రుల నుంచి వచ్చింది. ఒకే ఇంట్లో అక్కకు పడి చెల్లెకు పడకపోవచ్చు.

ఇంతవరకు విని 'అయితే మనకు సగానికి పైగా పాలు పడవన్నమాట, మానేద్దాం' అనుకోకండి. అసలు మాట ఇప్పుడు వస్తుంది.

గిర్నీ తగ్గడం వేరు, పాలు పడకపోవడం వేరు. గిర్నీ పూర్తిగా ఆగదు, మెల్లగా నడుస్తుంది. మెల్లగా నడిచే గిర్నీ దగ్గరికి బస్తా జొన్నలు తీసుకపోతే ఇబ్బంది. మానికెడు తీసుకపోతే ఇబ్బంది ఏముంది?

అమెరికాలో 1995లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. 'మాకు పాలు అస్సలు పడవు, కొంచెం తాగినా చస్తాం' అని గట్టిగా చెప్పే 30 మందిని పిలిచారు. ముందు పరీక్ష చేస్తే వాళ్ళలో 9 మందికి పాలచక్కెర బాగానే అరుగుతున్నది. మిగతా 21 మందికే అరగడం లేదు. తర్వాత ప్రతి ఒక్కరికీ ఒక వారం రోజూ పొద్దున తిండితో 240 మిల్లీలీటర్ల మామూలు పాలు, ఇంకొక వారం పాలచక్కెర విడగొట్టిన పాలు ఇచ్చారు. ఏ వారం ఏ పాలో తాగేవాళ్ళకూ తెలియదు, రాసుకునేవాళ్ళకూ తెలియదు. రుచి తేడా తెలియకుండా తీపి కూడా సరిచేశారు. చివరికి లెక్క చూస్తే రెండు వారాల్లోనూ బాధ తక్కువే, రెండింటికీ పెద్ద తేడా లేదు.

దీని అర్థం ఆ 30 మంది అబద్ధం చెప్పారని కాదు. వాళ్ళ కడుపు బాధ నిజమే. కానీ కొందరికి దాని కారణం పాలు కాదు. పాలే కారణమైనవాళ్ళకు కూడా తిండితో ఒక గ్లాసు దాటనంత వరకు పెద్ద ఇబ్బంది లేదు. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులను కూర్చోబెట్టి పరిశోధనలన్నీ చూపించినప్పుడు కూడా, పాలచక్కెర అరగని పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఒకసారికి 12 గ్రాముల దాకా, అంటే ఒక గ్లాసు పాలు, పెద్ద బాధ లేకుండా తట్టుకుంటారని చెప్పారు. అందరూ కాదు, ఎక్కువమంది. మీరు ఏ లెక్కలోకి వస్తారో మీ కడుపే చెప్పాలి.

అది ఎట్ల తెలుసుకోవాలి? ఇంట్లో చేసుకునేది ఒకటి ఉంది, దవాఖానలో చేసేవి కొన్ని ఉన్నాయి.

ఇంట్లో చేసుకునేది పుస్తకం పద్ధతి. మనకు పుస్తకం రాయడం కొత్త కాదు కదా. ఒక నోటు పుస్తకంలో నాలుగు గీతలు గీయండి: ఏ పూట, పాలు ఎన్ని, ఇంకేం తిన్నాం, కడుపు ఎట్లున్నది. మొదటి వారం ఏమీ మార్చకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి. తర్వాత రెండు వారాలు పాలు, పాల చాయ్, పాయసం, పాలకోవా, ఐస్‌క్రీం, పాలపొడి కలిపినవి పూర్తిగా ఆపి రాయండి. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టండి. అన్నం తిన్నంక సగం గ్లాసుతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకు ఒక గ్లాసు చేసి రాయండి.

ఆపినప్పుడు బాధ పోయి, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వస్తే, పాలవల్లనే అని చాలావరకు అనుకోవచ్చు. ఆపినా బాధ పోకపోతే పాలను విడిచిపెట్టండి, కారణం వేరే ఉంది, డాక్టరుకు చూపించుకోండి. ఆపితే పోయి, మొదలుపెట్టినా రాకపోతే మరీ మంచిది, అది ఏదో కొద్దిరోజుల ఇబ్బంది అన్నమాట. చాలామంది మొదటి సగం చేసి, పాలు ఆపి, 'బాగైంది' అని అక్కడే ఆగిపోతారు. మళ్ళీ తాగి చూడకపోతే లెక్క సగమే అయినట్టు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాం. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు ఏఎన్ఎంను, డాక్టరును అడగకుండా ఈ పద్ధతి చెయ్యొద్దు.

దవాఖానలో చేసేదాన్ని శ్వాస పరీక్ష అంటారు. పేగుల డాక్టర్లు ఉండే పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు. ఇందులో సూది లేదు, నొప్పి లేదు. పెద్దపేగులో పాలచక్కెర పులిసినప్పుడు హైడ్రోజన్ అనే గ్యాస్ వస్తుంది. అది రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల్లోకి వచ్చి, ఊపిరితో బయటికి పోతుంది. మన ఒంట్లో ఆ గ్యాస్ వేరే విధంగా తయారుకాదు, క్రిములే తయారుచేస్తయి. అందుకే ఊపిరిని కొలిస్తే పేగు సంగతి తెలుస్తుంది. ముందురోజు రాత్రి తేలికైన తిండి తిని, రాత్రంతా ఉపవాసం ఉండి పోవాలి. ముందు ఒకసారి ఊపిరి ఊదించుకుంటారు. తర్వాత 25 గ్రాముల పాలచక్కెర నీళ్ళలో కలిపి తాగిస్తారు. అరగంటకోసారి, మూడు నాలుగు గంటలు ఊదిస్తారు. మొదటిదాని కంటే పది లక్షల పాళ్ళలో 20 పాళ్ళు పెరిగితే పాలచక్కెర అరగడం లేదని లెక్క. నాలుగు వారాల లోపల యాంటీబయాటిక్ మందులు వాడి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఎందుకంటే ఆ మందులకు క్రిములు తగ్గి లెక్క తప్పుతుంది.

ఇంకొకటి రక్త పరీక్ష. పాలచక్కెర తాగించి రక్తంలో షుగర్ పెరుగుతుందా లేదా చూస్తారు. పెరగకపోతే అరగలేదని. జన్యు పరీక్ష కూడా ఉంది. అది గిర్నీ తగ్గే పుట్టుక మీదా కాదా అని చెప్తుంది, మీకు ఎన్ని పాలు పడతాయో చెప్పదు.

పరీక్షలో 'అరగడం లేదు' అని వచ్చినా భయపడకండి. పాత పరీక్షల్లో 50 గ్రాముల పాలచక్కెర ఒకేసారి తాగించేవారు. అది పరగడుపున లీటరు పాలు తాగినట్టు. లీటరు పడకపోతే సగం గ్లాసు కూడా పడదని ఎట్ల అంటాం? అందుకే డాక్టర్లు కాగితం మీది అంకె ఒక్కటే చూడరు, తాగినప్పుడు బాధ వచ్చిందా అనేది కూడా చూస్తారు. రెండూ కలిస్తేనే పాలు పడటం లేదని చెప్తారు. మామూలు ఇబ్బందికి అప్పుచేసి పరీక్షకు పరుగెత్తాల్సిన పనిలేదు. ముందు పుస్తకం రాయండి. ఆ పుస్తకమే డాక్టరుకు చూపించండి.

మా అక్క అట్లనే చేసింది. ఆమె చాయ్ తాగిన రోజు బాగానే ఉంది, పెరుగన్నం తిన్న రోజు బాగానే ఉంది. రాత్రి పడుకునే ముందు బలానికని పెద్ద గ్లాసు నిండా వట్టి పాలు తాగిన రోజే కడుపు ఉబ్బింది. ఇప్పుడు ఆ గ్లాసు మానేసి, మధ్యాహ్నం అన్నం తిన్నంక సగం గ్లాసు తాగుతుంది. ఆమెను చూసి ఇంకొక చెల్లె కూడా రాసింది. ఆమెకు పాలు ఆపినా విరేచనాలు ఆగలేదు. పుస్తకం పట్టుకొని ఆరోగ్య కేంద్రానికి పోతే మల పరీక్ష చేయించి, పేగుల్లో క్రిములున్నయని మందులిచ్చారు. నయమైంది. పుస్తకం ఒక అక్కకు పాల లెక్క చెప్పింది, ఇంకొక చెల్లెకు పాలు నిర్దోషి అని చెప్పింది.

కొన్ని గుర్తులు కనపడితే పుస్తకం రాస్తూ కూర్చోవద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, ఒంట్లో రక్తం తగ్గిపోవడం, యాభై ఏళ్ళు దాటినంక కొత్తగా మొదలైన కడుపు బాధ. ఇవి పాలవల్ల అని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

పాల అలర్జీ అని ఇంకొకటి ఉంది. అది వేరే సంగతి. పాలచక్కెరకు కాదు, పాలలోని మాంసకృత్తులకు ఒళ్ళు ఎదురుతిరగడం. ఎక్కువగా పసిపిల్లల్లో వస్తుంది. ఒంటి మీద దద్దులు, మూతి వాపు, వాంతులు, ఆయాసం, మలంలో రక్తం ఉంటయి. చుక్క పాలు కూడా ప్రమాదం కావచ్చు, పెరుగు కూడా పనికిరాదు. అక్కడ మన సగం గ్లాసు లెక్క పనికిరాదు. డాక్టరు చెప్పినట్టే నడవాలి.

ఇప్పుడు ఆ పసిబిడ్డ ముచ్చట.

మా ఊళ్ళో ఒక కోడలు పిల్లకు తొమ్మిది నెలల బిడ్డ. బిడ్డకు నీళ్ళ విరేచనాలు పట్టినయి. చుట్టుపక్కల పెద్దవాళ్ళు 'తల్లి పాలే పడతలేవు, ఆపెయ్యి' అన్నారు. తల్లి ఆపేసింది. బిస్కెట్లు నీళ్ళలో తడిపి పెట్టింది. మూడో రోజు ఆశా అక్క పోయేసరికి బిడ్డ కండ్లు లోపలికి పోయినయి, ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకొని పోయారు. ఓఆర్ఎస్ పట్టారు, జింకు గోలీలు మొదలుపెట్టారు, అక్కడే కూర్చోబెట్టి తల్లి పాలు మళ్ళీ తాగించారు. బిడ్డ బతికింది. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆడుకుంటుంది.

అక్కలూ, ఈ ఒక్క మాట మీ మీ ఊళ్ళకు తీసుకపోండి. తల్లి పాలలో పాలచక్కెర బర్రె పాలకన్నా ఎక్కువే, నూరు మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాములు. అయినా పసిబిడ్డకు అది అరిగించుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. పుట్టుకతోనే లేకపోవడం చాలా చాలా అరుదు. విరేచనాలు పట్టినప్పుడు చిన్నపేగు పొర దెబ్బతిని, కొద్దిరోజులు గిర్నీ మెల్లగా నడవవచ్చు. పొర మళ్ళీ వస్తుంది, గిర్నీ మళ్ళీ నడుస్తుంది. అందాక బిడ్డకు బలం కావాలి, నీళ్ళు కావాలి. ఆ రెండూ తల్లి పాలలో ఉన్నయి.

అందుకే విరేచనాల్లో తల్లి పాలు ఆపొద్దు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి. ఓఆర్ఎస్ పట్టాలి. జింకు గోలీ 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10. విరేచనం ఆగిందని గోలీ మధ్యలో ఆపొద్దు. విరేచనాలు 14 రోజులు దాటితే అది మామూలుది కాదు, డాక్టరు చూడాల్సిందే. అప్పుడు పాలు తగ్గించాలా వద్దా అనేది డాక్టరు చెప్తారు, మనం కాదు.

'తల్లి పాలు తాగితే బిడ్డకు పడదు, బాలింత పాలు మానాలి' అనే మాట కూడా ఉంది. తల్లి పాలు తాగినా మానినా ఆమె పాలలో పాలచక్కెర అంతే ఉంటుంది. అది ఆమె ఒళ్ళే తయారుచేసుకుంటుంది. బాలింతను ఎండబెట్టి బిడ్డకు వచ్చే లాభం లేదు.

ఇక పెద్దవాళ్ళకు, పాలు పడవని తేలితే ఏం చెయ్యాలి?

ఒకటి, కొలత. ఒకేసారి గ్లాసు కాకుండా సగం సగం రెండు పూటలు తాగండి. రెండు, పరగడుపున వద్దు. తిండితో తాగితే పాలు కడుపులోంచి మెల్లగా దిగుతయి, గిర్నీకి టైము దొరుకుతుంది. మూడు, అలవాటు. కొద్దికొద్దిగా రోజూ తాగుతుంటే పెద్దపేగులోని క్రిములు మారి గ్యాస్ తగ్గుతుందని పరిశోధనల్లో చూశారు. ఒక్కసారే పెంచకండి.

నాలుగోది పెరుగు. ఇది మన ఇంటి మందు అనుకోండి. 1984లో అచ్చయిన ఒక పరిశోధనలో పాలచక్కెర అరగని పదిమందికి పాలు ఒకసారి, అంతే పాలచక్కెర ఉన్న పెరుగు ఒకసారి ఇచ్చి ఊపిరి కొలిచారు. పెరుగు తిన్నప్పుడు హైడ్రోజన్ మూడో వంతే వచ్చింది. పెరుగు తోడుకునేటప్పుడే క్రిములు కొంత పాలచక్కెరను తింటయి. మిగిలింది మన పేగులోకి వచ్చినంక కూడా అవే విడగొడతయి. మన అమ్మమ్మలు ఆ లెక్క తెలియకుండానే చల్ల పోసుకొని గటక తిన్నారు. పన్నీరులో పాలచక్కెర తక్కువ, నెయ్యిలో దాదాపు లేదు. పాలకోవా, పాలపొడిలో మాత్రం ఎక్కువ.

ఐదోది, పాలు బాగా తగ్గించాల్సి వస్తే ఎముకల సంగతి మరిచిపోవద్దు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పినదాని ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, బాలింతలకు, ముట్లుడిగిన ఆడవాళ్ళకు 1200. నూరు గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మునగాకులో, తోటకూరలో 300కు పైగా ఉంటుంది, తోటకూరలోది ఒంటికి పట్టేది మాత్రం తక్కువ. నువ్వుల్లో వెయ్యికి పైన. నువ్వులు నూరు గ్రాములు ఎవరూ తినరు, కానీ అన్నంలో రెండు చెంచాల నువ్వుల పొడి రోజూ కలుపుకోవచ్చు. తైదంబలి, చల్ల, మునగాకు పప్పు, నువ్వుల పొడి. ఇవేవీ మెడికల్ షాపులో కొనేవి కావు. గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే కాల్షియం గోలీలు తప్పక వేసుకోవాలి, ఐరన్ గోలీతో కలిపి ఒకేసారి మాత్రం వద్దు.

బర్రెల లోను తీసుకున్న అక్కలు కొందరు మమ్మల్ని అడిగారు. 'మీరు పాలు పడవని చెప్పుకుంట తిరిగితే మా పాలెవరు కొంటరు?' అని. మేము పాలకు వ్యతిరేకం చెప్పడం లేదు. మానేసే మనిషి చేత మళ్ళీ సగం గ్లాసు తాగించే మాట చెప్తున్నాం. పాలు పడనివాళ్ళు పెరుగు కొంటారు, చల్ల కొంటారు, పన్నీరు కొంటారు. అవి చేసి అమ్మడం మనకు చేతనైన పని.

చివరగా మా సంఘం ఈ మహాసభ ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నది. ప్రతి గ్రామ సంఘం సమావేశంలో ఒకసారి ఈ విషయం మాట్లాడాలి. అంగన్‌వాడీలో పాలు పడనివాళ్ళు భయపడకుండా టీచరుకు చెప్పేటట్టు, భోజనం తిన్నంకనే, రెండు విడతలుగా తాగేటట్టు మనం పక్కన నిలబడాలి. కడుపు బాధకు అప్పు అడిగిన సభ్యురాలికి అప్పు ఆపకుండా, ముందు ఆరోగ్య కేంద్రానికి, తోడుగా ఒకరిని ఇచ్చి పంపాలి. విరేచనాలు పట్టిన బిడ్డకు తల్లి పాలు ఆపారని తెలిస్తే ఆ రోజే ఆశా అక్కకు కబురు పెట్టాలి.

మా చెల్లె ఇప్పుడు పాలు పారబోయడం లేదు. అంగన్‌వాడీ టీచరుకు చెప్పుకుంది. అన్నం తిన్నంక సగం తాగి, మిగతా సగం కొంచెంసేపాగి అక్కడే తాగి పోతుంది. అత్తమ్మ కూడా నవ్వడం మానేసి, రాత్రికి పెరుగు తోడుపెట్టి పెడుతున్నది. ఒక ఇంట్లో ఇంత జరిగితే మన మండలం అన్ని ఊళ్ళల్లో ఎందుకు జరగదు?

 ఈ నాలుగు తీర్మానాలకు చేతులెత్తి మద్దతు ఇవ్వాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.